పేగుపూతలో తిండి పాత్ర: బాధ పెంచేవి వేరు, జబ్బు పెంచేవి వేరు

ఇంట్లో ఒకరికి పేగుపూత అని తేలగానే ముందు మారేది వంట. ఊరగాయ జాడీలు పై అరలోకి వెళ్తాయి. కందిపప్పు పోయి పెసరపప్పు వస్తుంది, పాలు బంద్ అవుతాయి. చూడటానికి వచ్చినవాళ్లు తలా ఒకటి వద్దంటారు. ఒకరు వంకాయ మానమంటే ఇంకొకరు గోంగూర మానమంటారు, గుడ్డు వేడి చేస్తుందని ఒకరు, చేప పడదని మరొకరు. కొన్ని నెలలు తిరిగేసరికి ఆ మనిషి చారన్నం, ఇడ్లీ, మజ్జిగ, బ్రెడ్డు, బిస్కెట్ల మీద బతుకుతూ ఉంటాడు. బరువు తగ్గుతుంది, జుట్టు ఊడుతుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. రక్త విరేచనాలు మాత్రం ఆగవు. ఆగకపోయేసరికి పథ్యం ఇంకాస్త బిగిస్తారు.

ఇదంతా ప్రేమ కొద్దీ చేసేదే. కాకపోతే దీని వెనక ఒక తప్పు లెక్క ఉంది. తినగానే బాధ పెట్టిందంటే అది జబ్బును పెంచిందని, బాధ లేకుండా దిగిపోయిందంటే అది మంచిదని అనుకుంటాం. పేగుపూతలో ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది. కొన్ని పదార్థాలు కడుపునొప్పి, ఉబ్బరం, బాత్రూమ్‌కి పరిగెత్తాల్సిన హడావుడి తెస్తాయి కానీ పేగు గోడలోని పుండు జోలికి పోవు. మరికొన్ని ఏ ఇబ్బందీ పెట్టకుండా దిగిపోతాయి, రోజూ తింటూ పోతే పేగు లోపలి పరిస్థితిని మెల్లగా చెడగొట్టగలవు. ఏది ఏ కోవలోదో విడదీసి చూస్తే మానాల్సిన వాటి జాబితా బాగా చిన్నదైపోతుంది. అందులో మిగిలే పేర్లు కూడా చాలావరకు మన వంటగదివి కావు.

జబ్బు సంగతి క్లుప్తంగా. మనం పేగుపూత అంటున్నదాన్ని డాక్టర్లు ఐబీడీ, అంటే పేగు వాపు జబ్బుల గుంపు, అంటారు. ఇందులో ముఖ్యమైనవి రెండు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం. అది మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది, పేగు లోపలి పొరను పుండు చేస్తుంది. క్రోన్స్ జబ్బు నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, ఎక్కువగా చిన్నపేగు చివరి భాగాన్ని పట్టుకుంటుంది. అది గోడ మందమంతా దెబ్బతీస్తుంది కాబట్టి పేగు సన్నబడటం, పేగు నుంచి పక్క భాగాలకు దారులు పడటం ప్రధానంగా ఇందులోనే చూస్తాం. న్యూయార్క్ డాక్టరు బరిల్ క్రోన్ మరో ఇద్దరితో కలిసి 1932లో వర్ణించిన జబ్బు ఇది. రెండింటిలోనూ జరిగేది ఒకటే. పేగులో మామూలుగా ఉండే బ్యాక్టీరియా మీద శరీర రక్షణ వ్యవస్థ విరుచుకుపడుతుంది, ఆ దాడికి పేగు గోడే దెబ్బతింటుంది. ఐబీఎస్ అనేది దీనికి పూర్తిగా వేరు. అందులో బాధ ఉంటుంది కానీ పుండు, వాపు ఉండవు.

ఒకప్పుడు ఇది పాశ్చాత్యుల జబ్బు అనుకునేవాళ్లు. లూధియానా వైద్యులు పంజాబ్‌లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే 2003లో అచ్చయింది. అందులో లక్ష మందిలో 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ కనిపించింది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనం పల్లెల్లో కూడా ఈ జబ్బు అనుకున్నంత అరుదు కాదని చూపింది. ఊళ్లలో చాలామందికి ముందు జిగట విరేచనాలనో, మొలలనో మందులు వాడిస్తారు. క్రోన్స్ అయితే పేగు టీబీతో పొరబడే ప్రమాదం కూడా ఉంది, రెండూ ఒకే చోట ఒకేలా కనిపిస్తాయి కాబట్టి. జబ్బు పేరు సరిగ్గా తేలకముందే పథ్యాలు మొదలుపెట్టడం వల్ల పోయేది కాలమే.

తినగానే పరిగెత్తిస్తే నేరం ఎవరిది

అన్నం పొట్టలోకి దిగగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఇది జరుగుతుంది, అందుకే చాలామందికి పొద్దున టిఫిన్ కాగానే బాత్రూమ్ గుర్తొస్తుంది. పూత ఉన్న పేగు చివరి భాగం బిగుసుకుపోయి ఉంటుంది, దేన్నీ కాసేపు పట్టి ఉంచలేదు. కాబట్టి తిన్న పది నిమిషాలకే లేవాల్సి వస్తుంది. అప్పుడు బయటికి వచ్చింది నిన్న తిన్నదో, మొన్న తిన్నదో. పెద్దపేగు దాటడానికే ఆహారానికి మామూలుగా ఒక రోజు పైన పడుతుంది. అయినా నేరం మాత్రం ఇప్పుడు కంచంలో ఉన్న కూర మీద పడుతుంది. ఇవాళ బీరకాయ, రేపు టమాటా, ఎల్లుండి చేప. ఇలా ఒక్కొక్కటే జాబితాకెక్కిన కూరల్లో సగానికి పైగా ఏ పాపం ఎరగనివి.

కారం సంగతి కొంచెం వేరు. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నరాలకే అంటుకుంటుంది, అందుకే నాలుక మీద మంట. అవే నరాలు పేగు పొడవునా ఉన్నాయి. పూత ముదిరినప్పుడు అవి ఇంకా సున్నితంగా మారతాయి. కాబట్టి రక్తం పడుతున్న రోజుల్లో గుంటూరు కారం వేసిన పచ్చడి తింటే నొప్పి, మంట, హడావుడి పెరగడం నిజమే. కానీ మిరపకాయ తినడం వల్లే ఈ పుండు పుట్టిందని గానీ, కారం మానినంత మాత్రాన మానిపోతుందని గానీ చెప్పే ఆధారం లేదు. జబ్బు అణిగాక మెల్లగా కారం తిరిగి మొదలుపెట్టి హాయిగా తినేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఎవరి ఓపికను బట్టి వాళ్లు.

పాలు కూడా అంతే. దక్షిణ భారతంలో పెద్దయ్యాక పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, సరిగ్గా అరగనివాళ్లు జబ్బు ఉన్నా లేకపోయినా చాలామందే. క్రోన్స్ చిన్నపేగును పట్టినప్పుడు ఈ అరుగుదల ఇంకా తగ్గుతుంది. గ్లాసు పాలు తాగితే ఉబ్బరం, విరేచనం. దాన్ని చూసి పెరుగు, మజ్జిగ కూడా మానేస్తారు. పెరుగులో కొంత లాక్టోజ్ తోడుకునేటప్పుడే ఖర్చయిపోతుంది, మిగిలినదాన్ని అరిగించే ఎంజైమ్‌ను ఆ బ్యాక్టీరియానే వెంట తెస్తుంది. పాలు పడని చాలామందికి పెరుగన్నం పడటానికి కారణం అదే. స్టెరాయిడ్ వాడేవాళ్లకు ఎముకలు పలచబడే భయం ఎప్పుడూ ఉంటుంది. అలాంటివాళ్లకు పెరుగు కూడా లేకుండా చేస్తే కాల్షియం ఎక్కడి నుంచి రావాలి?

ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, రాజ్మా, శనగలు, కాలీఫ్లవర్. వీటిలోని కొన్ని పిండిపదార్థాలు చిన్నపేగులో అరగకుండా కిందికి దిగి పులుస్తాయి, గ్యాస్ కడతాయి. వీటిని తగ్గించే తిండి పద్ధతిని లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు జబ్బు అణిగి ఉన్నా కడుపులో బాధ పోని 52 మందిలో పరీక్షించి 2020లో ఫలితం ప్రచురించారు. బాధ తగ్గిందని ఎక్కువమంది చెప్పారు. వాపును కొలిచే పరీక్షల్లో మాత్రం తేడా రాలేదు. బాధ, జబ్బు రెండూ వేరువేరు దారుల్లో నడుస్తాయనడానికి ఇంతకంటే సూటిగా చెప్పే ప్రయోగం దొరకడం కష్టం.

జబ్బు నిద్రలో ఉన్నా ప్రతి ముగ్గురిలో ఒకరికి ఐబీఎస్ లాంటి బాధలు మిగిలి ఉంటాయి. అలాంటప్పుడు అసలు విషయం తేల్చేది మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష. పేగు గోడలోకి తెల్లరక్తకణాలు చొరబడితే ఈ ప్రొటీన్ మలంలో పెరుగుతుంది. గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే వాపు ఉండే అవకాశం బాగా తక్కువ. 250 దాటితే జబ్బు లేచిందని అనుమానించాలి. ఉబ్బరం ఉండి ఈ అంకె తక్కువగా ఉంటే వంటలో మార్పు చూసుకోవచ్చు. అంకె పెరిగితే మందు మార్చాల్సిన పని, దాన్ని ఉల్లిపాయ మీదికి నెట్టి లాభం లేదు.

పీచు: భయపడాల్సిన చోటు ఒకటే

పీచు విషయంలో ఒకే సలహా అందరికీ చెప్పడం వల్ల జరిగిన నష్టం చాలా ఎక్కువ. క్రోన్స్ వల్ల పేగులో ఒక చోట మచ్చకట్టి దారి సన్నబడిందనుకోండి. మునక్కాయ పీచు, తెగని పీచు మామిడి, పనసతొన, అరటిదూట, మొక్కజొన్న గింజలు, పచ్చికొబ్బరి ముక్కలు, సరిగ్గా నమలని వేరుశనగలు, కమలా తొనల మీది తెల్లపొర, పుట్టగొడుగులు, ఇవన్నీ అక్కడ సింకు జాలీలో చిక్కుకున్నట్టు చిక్కుకుంటాయి. కడుపు మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, వాంతులు వస్తాయి. ఒక్కోసారి అర్ధరాత్రి ఆస్పత్రికి పరిగెత్తాల్సి వస్తుంది. కాబట్టి స్కాన్‌లో దారి సన్నబడిందని తేలినవాళ్లకు ఈ నిషేధం గట్టిగా పాటించాల్సిందే. నీళ్లలో ఉబ్బే ఇసబ్‌గోల్ పొట్టు కూడా వీళ్లకు ప్రమాదమే.

వీళ్లక్కూడా కూరగాయలు పూర్తిగా మానాల్సిన పని లేదు. మునక్కాయ నమలకుండా దాని పులుసు కలుపుకోవచ్చు. సొరకాయ, బీరకాయ, గుమ్మడికాయ చెక్కు తీసి మెత్తగా ఉడికించి తినొచ్చు. టమాటా తొక్క, గింజలు తీసేసి చారు పెట్టుకోవచ్చు. పాలకూరను పప్పులో మెదిపి తినొచ్చు. జామపండు బదులు బాగా పండిన బొప్పాయి, అరటిపండు. ఇబ్బంది పీచు పొడవుగా, గట్టిగా ఉండటంలోనే. మెత్తగా కరిగే పీచుతో చిక్కు రాదు.

దారి సన్నబడనివాళ్లకు, ముఖ్యంగా జబ్బు అణిగి ఉన్నవాళ్లకు, పీచు మానడం వల్ల మేలు జరిగిన దాఖలా లేదు. నిజానికి ఆధారాలు పీచు తినడం వైపే మొగ్గుతున్నాయి. అమెరికాలో 1,70,776 మంది నర్సులను 26 ఏళ్ల పాటు గమనించిన అధ్యయనం 2013లో వెలువడింది. పీచు, అందులోనూ పండ్ల నుంచి వచ్చేది, ఎక్కువగా తిన్నవాళ్లలో క్రోన్స్ వచ్చే ముప్పు దాదాపు 40 శాతం తక్కువగా కనిపించింది. అల్సరేటివ్ కొలైటిస్‌లో ఆ తేడా కనిపించలేదు. స్పెయిన్‌లో 1999లో అల్సరేటివ్ కొలైటిస్ అణిగి ఉన్నవాళ్ల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి ఇసబ్‌గోల్ జాతి గింజలు, కొందరికి ఈ జబ్బుకు అలవాటుగా వాడే మెసలమైన్, ఇంకొందరికి రెండూ ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే జబ్బు తిరగబెట్టినవాళ్ల సంఖ్యలో పెద్ద తేడా లేదు. మాత్ర మానేసి గింజలు తినమని దీని అర్థం కాదు, అంత చిన్న ప్రయోగం మీద అలాంటి నిర్ణయం తీసుకోకూడదు. కానీ పీచు తింటే పేగు గీరుకుపోతుందనే భయం ఎంత నిరాధారమో దీంతో తెలుస్తుంది. పీచును పులియబెట్టి పెద్దపేగు బ్యాక్టీరియా తయారుచేసే బ్యూటిరేట్ అనే పదార్థమే పెద్దపేగు లోపొర కణాలకు ముఖ్యమైన ఆహారం. పీచు అందకపోతే కొన్ని రకాల బ్యాక్టీరియా పేగు గోడ మీది జిగురుపొరనే తినడం మొదలుపెడుతుందని ఎలుకల మీద పరిశోధనలు చూపించాయి.

జబ్బునే కదిలించే తిండి

తిండితో అసలు జబ్బే అణుగుతుందా? క్రోన్స్‌లో, ముఖ్యంగా పిల్లల్లో, అణుగుతుంది. 6 నుంచి 8 వారాల పాటు మామూలు భోజనం పూర్తిగా ఆపేసి, పోషకాలన్నీ కలిపిన ద్రవాహారం ఒక్కటే ఇస్తారు. ఇలా చేస్తే పదిమంది పిల్లల్లో ఎనిమిది మంది దాకా కోలుకుంటారు. స్టెరాయిడ్‌తో సమానంగా పనిచేస్తుంది, పేగు పొర మానడంలో దానికంటే మెరుగు, పైగా ఎదుగుదల దెబ్బతినదు. యూరప్‌లో క్రోన్స్ పిల్లలకు దీన్నే మొదటి చికిత్సగా సూచిస్తున్నారు. మన దగ్గర ఖర్చు, ఆ రుచి, వారాల తరబడి స్కూల్లో తోటిపిల్లలంతా డబ్బాలు విప్పుతుంటే సీసా పట్టుకుని కూర్చోవడం, ఇవన్నీ అడ్డుపడతాయి. అల్సరేటివ్ కొలైటిస్‌కు ఈ పద్ధతి పనిచేయదు.

ఆ కష్టాన్ని తగ్గించడానికి ఇజ్రాయెల్ వైద్యుడు ఆరీ లెవీన్ బృందం వేరే దారి పట్టింది. రోజుకు సగం ద్రవాహారం, మిగతా సగం ఎంచి పెట్టిన మామూలు తిండి. కోడి రొమ్ము మాంసం, గుడ్లు, బంగాళదుంప, అరటిపండు, ఆపిల్ తప్పనిసరి. గోధుమ, పాల ఉత్పత్తులు, ప్యాకెట్ తిండి, ప్రాసెస్ చేసిన మాంసం మొదటి వారాల్లో నిషేధం. 2019లో వెలువడిన ప్రయోగంలో పిల్లలు దీన్ని చాలా తేలిగ్గా పాటించగలిగారు. 12 వారాల నాటికి స్టెరాయిడ్ లేకుండా కోలుకున్నవాళ్లు ఈ పద్ధతిలో 75.6 శాతం. ముందు ద్రవాహారం మాత్రమే తీసుకుని తర్వాత మామూలు భోజనానికి వచ్చినవాళ్లలో 45.1 శాతం. పాత తిండికి తిరిగి రాగానే జబ్బు లేచిందంటే ఆ తిండిలో ఏదో ఉంది.

ఆ ఏదో ఏమిటనే వెతుకులాటలో ఇప్పుడు వేళ్లన్నీ ఎక్కువగా చూపిస్తున్నవి ప్యాకెట్ తిండినే. ఇండియాతో సహా 21 దేశాల్లో 1,16,087 మందిని సగటున పదేళ్ల దగ్గరగా గమనించిన ప్యూర్ అధ్యయనం 2021లో వచ్చింది. అతిగా ప్రాసెస్ చేసిన పదార్థాలు రోజుకు 5 సార్లు లేదా అంతకు మించి తినేవాళ్లకు, రోజుకు ఒకసారి కన్నా తక్కువ తినేవాళ్లతో పోలిస్తే, ఐబీడీ వచ్చే ముప్పు 82 శాతం ఎక్కువని తేలింది. అదే అధ్యయనంలో అన్నం లాంటి పిండిపదార్థాలకూ, పప్పులకూ, కూరగాయలకూ, పండ్లకూ, పాలకూ, మామూలు మాంసానికీ ఈ జబ్బుతో సంబంధం కనిపించలేదు. పథ్యం పేరుతో మనం ముందు తీసేసేది ఈ రెండో జాబితానే.

ఒక ఫ్రోజెన్ డిజర్ట్ డబ్బా వెనక్కి తిప్పి చూడండి. పాలపొడి, చక్కెర, వెజిటబుల్ ఆయిల్ తర్వాత ఎమల్సిఫైయర్, స్టెబిలైజర్ అని రాసి పక్కన 471, 412, 407, 466 లాంటి అంకెలు ఉంటాయి. అవి తిండిలో కలిపే పదార్థాలను గుర్తించే ఐఎన్ఎస్ నంబర్లు. 412 గోరుచిక్కుడు జాతి గింజల జిగురు, 407 సముద్రపు నాచు నుంచి తీసే క్యారజీనన్, 466 కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, 433 ఉంటే అది పాలిసార్బేట్ 80. నూనె, నీరు విడిపోకుండా, తిండి నున్నగా ఉండేలా కలుపుతారు. వీటిలో 466, 433 రెండింటినీ ఎలుకలకు పెడితే పేగు గోడను కాపాడే జిగురుపొర పలచబడి, బ్యాక్టీరియా గోడకు దగ్గరగా జరిగిందని అమెరికా శాస్త్రవేత్తలు 2015లో చూపించారు. 2022లో అదే 466ను ఆరోగ్యవంతులైన మనుషులకు రోజుకు 15 గ్రాముల చొప్పున 11 రోజులు పెట్టారు. వాళ్ల పేగు బ్యాక్టీరియాలో రకాలు తగ్గాయి, ఇద్దరిలో బ్యాక్టీరియా జిగురుపొరలోకి చొచ్చుకుపోయింది. 15 గ్రాములంటే రోజువారీ తిండిలో వచ్చేదానికంటే ఎక్కువే. ఎమల్సిఫైయర్లు ఒక్కటే దోషి అనడానికీ వీల్లేదు. పిల్లల జబ్బు అణిచే ఆ ద్రవాహారం డబ్బాల్లోనూ చాలావాటిలో ఎమల్సిఫైయర్లు, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటాయి, అయినా అది పనిచేస్తోంది. అన్నీ ఒకేలాంటివి కావు, మోతాదు, మిగతా తిండి, బ్యాక్టీరియా కలిసి ఫలితాన్ని తేలుస్తాయి.

ఇంతమాత్రం చెప్పడానికి మాత్రం వెనకాడక్కర్లేదు. చప్పగా, మెత్తగా ఉందన్న ఒక్క కారణంతో రోగికి మూడు పూటలా ప్యాకెట్ బ్రెడ్డు, క్రీమ్ బిస్కెట్లు, ఎనర్జీ పౌడర్లు పెట్టి, పప్పు, కూర, గుడ్డు తీసేయడం ఇప్పుడున్న ఆధారాలకు పూర్తిగా ఎదురు. ఇంట్లో వండిన ముద్దపప్పులో ఏ అంకే లేదు.

మన దేశంలో ఈ దారిలో జరిగిన ముఖ్యమైన పని ఢిల్లీ ఎయిమ్స్‌ది. వినీత్ అహూజా, సౌరభ్ కేడియా బృందం ఓ మాదిరి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న 66 మందిని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను పేగులోకి ఎక్కించి, దాంతోపాటు గోధుమ, పాల పదార్థాలు, ప్రాసెస్ చేసిన మాంసం, మటన్ లాంటి రెడ్ మీట్, తెల్ల చక్కెర, రసాయనాలు కలిపిన తిండి తగ్గించి, పండ్లు, కూరగాయలు, పులియబెట్టిన పదార్థాలు పెంచిన భోజనం ఇచ్చారు. రెండో జట్టుకు మామూలు మందులు. 8 వారాలకు మొదటి జట్టులో 60 శాతం, రెండో జట్టులో 32 శాతం మంది కోలుకున్నారు. తర్వాత ఆ భోజనం ఒక్కటే కొనసాగించినవాళ్లలో పావువంతు మందికి ఏడాది నాటికి పేగు పొర కూడా మానే ఉంది. రెండు చికిత్సలు కలిపి ఇచ్చారు కాబట్టి మొదటి ఫలితంలో భోజనం వాటా ఎంతో విడదీయలేం. అయినా ఇండియన్ వంటతో, ఇండియన్ రోగుల్లో తేలిన ఫలితం ఇది.

రెడ్ మీట్ విషయంలో రెండు జబ్బులకూ ఒకే మాట చెప్పలేం. బ్రిటన్‌లో 191 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగులను ఏడాదిపాటు చూస్తే, మాంసం, అందులోనూ రెడ్ మీట్, ప్రాసెస్ చేసినవి, మద్యం ఎక్కువ తీసుకున్నవాళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. క్రోన్స్ అణిగి ఉన్నవాళ్లలో మాత్రం రెడ్ మీట్ నెలకు ఒకసారికి తగ్గించినా జబ్బు లేవడంలో తేడా రాలేదని అమెరికాలో 2019లో వచ్చిన ప్రయోగం చెప్పింది. కొలైటిస్ ఉన్నవాళ్లు మటన్ తగ్గించి చికెన్, చేప వైపు వెళ్లడం తెలివైన పని. క్రోన్స్ ఉన్నవాళ్లు పండక్కి రెండు ముక్కలు మెత్తగా ఉడికినవి తింటే కంగారు పడాల్సింది లేదు.

పసుపు, పాలు, నమ్మకాలు

పసుపు గురించి వాట్సాప్‌లో తిరిగే మాటలకు వెనక ఒక నిజం ఉంది. మెసలమైన్ పూర్తి మోతాదులో వాడినా తగ్గని అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లకు దాంతోపాటు పసుపులో ఉండే కర్క్యుమిన్ రోజుకు 3 గ్రాములు ఇచ్చి 2015లో చూశారు. నెల రోజుల్లో 26 మందిలో 14 మంది కోలుకున్నారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న జట్టులో ఒక్కరూ కోలుకోలేదు. చిన్న ప్రయోగమే, కానీ తేడా పెద్దది. ఎయిమ్స్ వాళ్లు రోజుకు 450 మిల్లీగ్రాములు ఇచ్చి చూసినప్పుడు ఏ లాభమూ కనిపించలేదు. ఇప్పుడు లెక్క వేయండి. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. 3 గ్రాములు కావాలంటే రోజుకు 100 గ్రాముల పసుపు మింగాలి. రాత్రిపూట గ్లాసు పాలలో చిటికెడు పసుపు ఆ మోతాదు దరిదాపులకు కూడా రాదు, పాలు పడనివాళ్లకైతే ఆ పాలే ఇబ్బంది. మందుగా వాడాలంటే క్యాప్సూల్ రూపంలో, డాక్టరుకు చెప్పి, మెసలమైన్ మానకుండా వాడాలి.

భయంతో తినకపోవడం

ఈ జబ్బులో తిండి చేసే అతి పెద్ద హాని తినకపోవడం వల్ల జరిగేది. పూత ముదిరి ఉన్నప్పుడు శరీరానికి కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 75 గ్రాములు. చారన్నం, ఇడ్లీ, పల్చటి మజ్జిగతో రోజు గడిపితే అందులో సగం అందడం కూడా కష్టం. అటు పేగులోంచి రక్తం, ప్రొటీన్ కారిపోతుంటే ఇటు లోపలికి వచ్చేది తగ్గిపోతుంది. కండ కరుగుతుంది, ఇన్ఫెక్షన్లు వస్తాయి. ఆపరేషన్ అవసరమైతే గాయం మానడం ఆలస్యమవుతుంది. ఒక్కో గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మెత్తగా ఉడికించి రోజుకు రెండు పెడితే ఎంత లోటు పూడుతుందో చూడండి. గుడ్డు వేడి అనే మాట మీద ఈ జబ్బు మనిషికి గుడ్డు ఆపేయడం అన్యాయం.

రక్తహీనతది ఇంకో కథ. దానిమ్మ, బీట్‌రూట్, ఖర్జూరం పెట్టి పెట్టి ఇంట్లోవాళ్లు అలిసిపోతారు, హిమోగ్లోబిన్ కదలదు. వాపు ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ ఎక్కువగా వదులుతుంది, అది పేగులోంచి ఇనుము రక్తంలోకి వెళ్లే తలుపు మూసేస్తుంది. తిన్న ఇనుము తిన్నట్టే బయటికి పోతుంది. అందుకే జబ్బు లేచి ఉన్నప్పుడు ఐరన్ మాత్రల కంటే నరం ద్వారా ఎక్కించే ఐరన్ వైపు డాక్టర్లు మొగ్గుతారు. చిన్నపేగు చివర క్రోన్స్ ఉన్నా, అక్కడ 20 సెంటీమీటర్లకు మించి పేగు కోసేసినా బీ12 పీల్చుకునే చోటే పోతుంది. శాకాహారులకు బీ12 ముందే తక్కువ, వీళ్లకు ఇంజెక్షన్ తప్పకపోవచ్చు. ఈ జబ్బుకు సల్ఫాసలజైన్, మెథోట్రెక్సేట్ అనే మందులు వాడేవాళ్లకు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు, ఆ చిన్న మాత్రను చాలామంది అనవసరమని వదిలేస్తారు. వదలకూడదు.

చిన్నపేగు చివరి భాగం తీసేసి, పెద్దపేగు అలాగే ఉన్నవాళ్లు గోంగూర, పాలకూర, చుక్కకూర విషయంలో నిజంగా జాగ్రత్త పడాలి. కారణం వేడి, చలువ కాదు, ఆక్సలేట్. కొవ్వు సరిగ్గా అరగక కాల్షియం దానికి అంటుకుపోతుంది. మామూలుగా ఆ కాల్షియమే ఆక్సలేట్‌ను పట్టి బయటికి పంపాలి. అది దొరక్క ఆక్సలేట్ పెద్దపేగులోంచి రక్తంలోకి చేరి కిడ్నీలో రాళ్లు కడుతుంది. వీళ్లు నూనె తగ్గించి, ఆకుకూర తిన్న పూట పెరుగు కలుపుకుంటే ముప్పు కొంత తగ్గుతుంది.

శరీర రక్షణ వ్యవస్థను అణిచే అజాతియోప్రిన్ మాత్రలు, బయోలాజిక్ ఇంజెక్షన్లు వాడేవాళ్లకు ఏం తింటున్నాం అన్నదానికంటే ఎక్కడ తింటున్నాం అన్నది ముఖ్యం. పానీపూరీ నీళ్లు, బండి దగ్గర కోసి పెట్టిన పండ్లు, పెళ్లి భోజనంలో పొద్దుటి నుంచి ఉన్న పెరుగు పచ్చడి వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ అణిగిన పూతను మళ్లీ లేపగలదు. వేడివేడిగా దించిన దోసె బయట తిన్నా అంత భయం లేదు.

మానేసినవాటి జాబితా నుంచి తిరిగి తెచ్చుకునేటప్పుడు ఒక్కోసారి ఒక్క పదార్థం, కొద్దిగా, మూడు నాలుగు రోజులు వరుసగా తిని చూడటం డైటీషియన్లు చెప్పే పద్ధతి. ఒక రోజు ఇబ్బంది పెట్టినంత మాత్రాన దాన్ని కొట్టేయరు, కొన్ని వారాల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తారు. వాపు అణిగేకొద్దీ ముందు పడనివి పడటం మొదలవుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు, ఏయే పదార్థాలు ఎప్పటి నుంచి మానేశారో రాసిన కాగితం, అప్పటి నుంచి బరువు ఎంత తగ్గిందో కూడా తీసుకెళ్లాలి. బరువు తగ్గుతూ, క్యాల్‌ప్రొటెక్టిన్ పెరుగుతూ ఉంటే తిండిలో ఇంకేం తీసేయాలని అడగడం ఆపి, మందు సరిపోతోందా అని అడగాల్సిన సమయం అది.